మేలుకు కీడు ఎదురైనప్పుడు

కిందటి నెల మన సంఘం సమావేశం ముగిసి, అద్దెకు తీసుకొన్న ఆ పారిష్ హాలులో అందరం పులిహోర పళ్ళాలు చేత పట్టుకొని నిలబడి ఉండగా, కంప్యూటరు ఉద్యోగం మీద ఈ దేశం వచ్చి ఏడాదైనా నిండని ఒక యువకుడు మా దగ్గరకు వచ్చాడు. “డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమని గదా మీ గ్రంథంలో ఉంది. టాలాలో మనవాడికి ఏం జరిగిందో అందరం చూశాం. ఇప్పుడు కూడా మీరు అదే చెబుతారా?” అని అడిగాడు.

అతను ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అందుకే మాకు వెంటనే జవాబు తోచలేదు. “పెద్ద ప్రశ్నే వేశావు నాయనా” అని మజ్జిగ గ్లాసు అందుకొని తప్పించుకొన్నాము. ఇంటికి వస్తూ కారులో మా శ్రీమతి, “పాపం ఆ అబ్బాయికి జవాబు చెప్పలేదేం?” అన్నది. రేపు చెబుతామంటే, “రేపు అతను ఎక్కడ కనబడతాడు? వ్రాయండి” అన్నది.

ఈ సంచికకు రక్తపోటు గూర్చి వ్రాస్తామని సంపాదకులవారికి మాట ఇచ్చి ఉన్నాము. ఉప్పు తగ్గించవలసిన పెద్దలు ఇంకొక నెల ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాము. మేము వైద్యులమే గాని బోధకులం కాము. మన సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నారు; ఎవరినీ ఏ దారికీ తిప్పడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. అడిగినవాడికి జవాబు బాకీ ఉన్నాము, అది తీర్చుకొంటున్నాము, అంతే.

* * *

ముందు జరిగిన సంగతులు. 2025 జూలై 19 వ తేదీ సాయంత్రం డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుణ్ణి కొందరు పట్టుకొని కొట్టి, ఒంటి మీది బట్టలు ఊడబెరికి, లేని నేరం అంటగట్టారు. అతను ఈ దేశంలో దిగి అప్పటికి కొద్ది వారాలే అయింది. ఆ తరువాత రోజుల్లో అలాంటి వార్తలు వరసగా వచ్చాయి. ఆగస్టు 1 న డబ్లిన్‌లోని మన రాయబార కార్యాలయం వారు భారతీయులు జాగ్రత్తగా మసలుకోవాలని, వేళగాని వేళ నిర్జన ప్రదేశాలకు వెళ్ళవద్దని ప్రకటన చేశారు. ఆ నెలలోనే వాటర్‌ఫర్డ్ పట్టణంలో ఇంటి ముందు ఆడుకొంటున్న ఆరేళ్ళ భారతీయ సంతతి బాలికను తోటి పిల్లలే కొట్టారు. ఆ పాప తల్లి నర్సు. ఫీనిక్స్ పార్కులోని ఫామ్‌లీ భవనం దగ్గర ఏటా జరిగే ఇండియా డే ఉత్సవాన్ని ఆ సంవత్సరం నిర్వాహకులు వాయిదా వేసుకొన్నారు. మన ఆడవాళ్ళు చీరె కట్టుకొని బస్సు ఎక్కాలంటే ఆలోచించుకొన్న రోజులవి.

ఆ రోజుల్లో మనవాళ్ళు ఎక్కడ కలిసినా ఒకే మాట. “ఈ దేశంలో ఆస్పత్రులు నడిచేది మనవాళ్ళ వల్ల గదా! వీళ్ళ తల్లిదండ్రులకు రాత్రింబగళ్ళు సేవ చేసేది మనం గదా! దానికి ఇదా ప్రతిఫలం?” అని. ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో పనిచేసే నర్సులలో ఐదో వంతుకు పైబడి భారతీయులేనని ఆ సందర్భంలో అందరికీ తెలిసివచ్చింది. అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ గారు కూడా ఆగస్టులో చేసిన ప్రకటనలో ఈ దాడులను గట్టిగా ఖండిస్తూ, వైద్యంలోనూ రోగుల సంరక్షణలోనూ భారతీయులు చేస్తున్న సేవను గుర్తు చేశారు.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు ఉన్నది. టాలాలో ఆ మనిషి మీద పడ్డవారు ఆయన చేతి మేలు పొందినవారు కారు. ఆయనెవరో వారికి తెలియదు. మేలు పొందినవాడు ఒకడు, కీడు చేసినవాడు ఇంకొకడు. ఇద్దరినీ కలిపి “ఐర్లండు” అని పేరు పెట్టి మనం పద్దు వ్రాస్తున్నాము. వాళ్ళు చేసిందీ అదే: ఎవడో ఎక్కడో ఏదో చేశాడని విని, కనబడ్డవాడికి “ఇండియన్” అని పేరు పెట్టి కొట్టారు. ఊరినంతా ఒకే ఖాతాలో వ్రాసే గుమాస్తాలం మనం కాకూడదని మా అభిప్రాయం.

ఇంతవరకు చెప్పడం సులభమే. కాని మేలు పొందినవాడే కీడు చేస్తే? అప్పుడు ఈ తర్కం పనిచేయదు. అదీ మాకు జరిగింది గనుక చెబుతున్నాము.

* * *

ఒక శనివారం రాత్రి. ఎమర్జెన్సీలో మా డ్యూటీ. ఏ ఊరి ఆస్పత్రో అనవసరం. రాత్రి రెండు గంటలు దాటాక ఒక కుర్రవాణ్ణి తీసుకొని వచ్చారు. పాతికేళ్ళు ఉండవు. తప్పతాగి ఎక్కడో పడ్డాడు. ఎడమ కనుబొమ్మ మీద నుంచి కణత దాకా చర్మం చీలి వ్రేలాడుతున్నది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గాయం కడిగి, గాజు ముక్కలు ఏరి, కుట్లు వేయడానికి ముప్పావు గంట పట్టింది. ముఖం గదా, పైగా కుర్రవాడు, రేపు పెళ్ళికావలసినవాడు. నాలుగు కుట్లతో ముగించవలసిన చోట సన్న దారంతో తొమ్మిది వేశాము. కనుబొమ్మ వెంట్రుకల వరస తప్పితే జన్మంతా వంకరగా కనబడుతుంది, అందుకని రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాము.

చివరి ముడి కత్తిరించి, “అయిపోయింది, ఇక లేవవచ్చు” అన్నాము. అతను లేచి కూర్చొని మా ముఖం వంక చూసి, మా దేశానికి పొమ్మని ఒక మాట అన్నాడు. దాని ముందూ వెనుకా ఉన్న మాటలు ఈ పత్రికలో అచ్చువేయదగినవి కావు. తరువాత మా ముఖాన ఉమ్మివేశాడు. పక్కనే ఉన్న నర్సు అమ్మాయి, మలయాళీ, అడ్డం వస్తే ఆమెను మోచేత్తో నెట్టాడు.

ఆ క్షణంలో మాలో ఏ భక్తీ లేదని ఒప్పుకొంటున్నాము. చేతిలో ఇంకా కత్తెర ఉన్నది. అది ట్రేలో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకొని, ఆ గది నుంచి బయటికి వచ్చి, కుళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కొన్నాము. తెల్లవారాక ఇంటికి వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఆరాధనలో ప్రభువు ప్రార్థన వచ్చింది. రుణస్థులను క్షమించే మాట దగ్గర మా నోరు ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ వాక్యం దాటి వెళ్ళిపోయారు. మేము అక్కడే ఉండిపోయాము. కొన్ని వారాలపాటు ప్రతి ఆదివారమూ అదే చోట ఆగిపోయాము.

ఇంకొక మార్పు కూడా గమనించాము. పని మానలేదు గాని, పనిలో ఏదో తగ్గింది. రోగి పేరు అడిగి చేయి పట్టుకొనే అలవాటు పోయింది. కాగితం చూసి మందు వ్రాయడం, అంతే. తాగి వచ్చినవాడికి నాలుగే కుట్లు. ఎవరూ తప్పు పట్టలేరు, వైద్యశాస్త్రం ప్రకారం అంతా సవ్యమే. మా శ్రీమతి మాత్రం కనిపెట్టి, “ఆస్ట్రేలియా వెళ్ళిపోదామా? మీకు ఇక్కడ మనసు విరిగింది” అన్నది. అప్పుడు విషయం చెప్పాము.

* * *

మా నాయనమ్మ బాపట్ల దగ్గర పల్లెలో బైబిలు చదువుకోవడం కోసమే అక్షరాలు నేర్చుకొన్న మనిషి. ఆమెకు లూకా సువార్త అంటే ఇష్టం. “ఆయన డాక్టరు గదరా, నువ్వు కూడా డాక్టరువు కావాలి” అని మా చిన్నప్పుడు అంటూండేది. గుంటూరు వైద్యకళాశాలలో సీటు వచ్చిందని చెప్పినప్పుడు ఆమె మాకిచ్చిన బహుమతి ఆ పాత బైబిలే. దానిని ఇక్కడికి తెచ్చుకొన్నాము. ఆ వారాల్లో తీసి లూకా సువార్తను మొదటి నుంచి చివరిదాకా, ఒక డాక్టరు వ్రాసిన కేసు షీటు చదివినట్లు చదివాము.

చదువరులలో క్రైస్తవేతరుల కోసం చెబుతున్నాము. యేసును పట్టుకోవడానికి రాత్రివేళ మనుషులు కత్తులు, కర్రలు తీసుకొని తోటలోకి వస్తారు. శిష్యులలో ఒకడు కత్తి దూసి ప్రధాన యాజకుని దాసుడి చెవి నరుకుతాడు. ఈ సంగతి నాలుగు సువార్తలలోనూ ఉన్నది. కత్తి దూసినవాడు పేతురని, దాసుడి పేరు మల్కు అని యోహాను చెబుతాడు. కాని యేసు ఆ చెవిని తాకి బాగుచేశాడన్న సంగతి లూకా ఒక్కడే వ్రాశాడు. మిగతా ముగ్గురికీ కత్తి కనబడింది; వైద్యుడికి గాయం కనబడింది.

ఆ తరువాత ఏమయింది? మల్కు మోకరించాడా? “ఇంత మంచివాణ్ణి ఎలా పట్టుకొంటాం” అని ఆ గుంపు వెనక్కి మళ్ళిందా? లేదు. తరువాతి మాటల్లోనే ఆయనను పట్టుకొని తీసుకొనిపోయారు. మానిన చెవితోనే ఆ దాసుడూ వెంట నడిచి ఉండాలి. కృతజ్ఞతను గురించి లూకా ఒక్క అక్షరం వ్రాయలేదు. అదే సువార్తలో పదిమంది కుష్ఠురోగుల కథ ఉన్నది. పదిమందీ బాగుపడతారు; తిరిగివచ్చి దండం పెట్టినవాడు ఒక్కడే, వాడూ పరాయి జాతివాడు. మిగతా తొమ్మిదిమంది ఏరని యేసు అడుగుతాడు. బాధ లేకపోతే ఆ ప్రశ్న రాదు. కాని తిరిగిరానందుకు ఆ తొమ్మిదిమందికీ జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని ఎక్కడా లేదు. ఇచ్చిన స్వస్థత ఇచ్చినట్లే ఉన్నది.

మన సుమతీ శతకకారుడూ, వేమనా కూడా అపకారికి ఉపకారం చేయడమే గొప్ప అని చెప్పినవారే. బడిలో ఆ పద్యాలు మనమందరం కంఠతా పట్టాము. కనుక ఇది ఒక్క మతానికి సొంతమైన మాట కాదు. కాని కంఠతా పట్టడం వేరు, ఉమ్మి తుడుచుకొని ఆ పద్యం గుర్తు చేసుకోవడం వేరు.

* * *

ఈ దేశానికి పాలకపురుషుడుగా మార్చి 17 న అందరూ పండుగ చేసుకొనే పాట్రిక్ గారి కథ మనలో చాలామందికి పచ్చ టోపీల దాకానే తెలుసు. ఆయన ఐరిష్‌వాడు కాడు. బ్రిటన్‌లో పుట్టాడు. పదహారేళ్ళ వయసులో దొంగలు ఎత్తుకొనివచ్చి ఐర్లండులో బానిసగా అమ్మారు. ఆరేళ్ళు మందలు కాశాడు. పారిపోయి ఇల్లు చేరాడు. తరువాత, తనను బానిసగా వాడుకొన్న ఈ దేశానికే సువార్త చెప్పడానికి తిరిగివచ్చాడు. ముసలితనంలో ఆయన లాటిన్‌లో వ్రాసుకొన్న ఆత్మకథ వంటి చిన్న పుస్తకం, కన్ఫెసియో అంటారు, ఇప్పటికీ మిగిలి ఉన్నది. దాని ప్రతి ఒకటి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో భద్రపరచిన ఆర్మా గ్రంథంలో ఉన్నది.

ఆ పుస్తకం చదివితే, తిరిగివచ్చినందుకు ఆయనకు పూలదండలు వేశారని అనిపించదు. రాజులకు కానుకలిచ్చి, వారి కొడుకులకు జీతాలిచ్చి వెంట తిప్పుకొన్నా, ఒకసారి పట్టుకొని సంకెళ్ళు వేసి ఉన్నదంతా దోచుకొన్నారు. పధ్నాలుగో రోజున గాని విడుదల కాలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ సొంతవారి నుంచి తగిలింది. చిన్నతనంలో చేసిన ఒక తప్పును ప్రాణస్నేహితుడని నమ్మి ఒకనికి చెప్పుకొంటే, ముప్ఫై ఏళ్ళ తరువాత అతనే దానిని బయటపెట్టాడు. పెద్దలు దానిని పట్టుకొని ఆయనను నిలదీశారు. ఆ పుటల్లో ఆయన గాయం ఇంకా పచ్చిగానే కనబడుతుంది. ఋషిలాగా చిరునవ్వు నవ్వలేదు. బాధపడ్డాడు, బాధపడ్డానని వ్రాశాడు, ఇక్కడే ఉండిపోయాడు.

ఇంకొక సంగతి మాకు అంతకన్నా ఉపయోగపడింది. కొరోటికస్ అనే దొర సైనికులు, వారూ పేరుకు క్రైస్తవులే, పాట్రిక్ చేత కొత్తగా బాప్తిస్మం పొందినవారి మీద పడి కొందరిని నరికి, కొందరిని బానిసలుగా అమ్మడానికి పట్టుకొనిపోయారు. వారి నుదుట పూసిన తైలం ఇంకా ఆరలేదు. చెరపట్టినవారిని విడవమని పాట్రిక్ తాను చిన్ననాటి నుంచి చదువు చెప్పిన ఒక పాదిరి చేత ఉత్తరం పంపాడు. సైనికులు నవ్వి పంపివేశారు. అప్పుడాయన నలుగురికీ చదివి వినిపించవలసిందిగా రెండో ఉత్తరం వ్రాశాడు. అందులో ఆయన రెండో చెంప చూపలేదు. ఆ హంతకులు కన్నీటితో పశ్చాత్తాపపడి, చెరపట్టినవారిని విడిచిపెట్టేదాకా ఎవరూ వారితో కలిసి తినవద్దు, తాగవద్దు, వారి కానుకలు ముట్టవద్దు అని ఆజ్ఞాపించాడు.

తన సంకెళ్ళను ఒక వాక్యంలో చెప్పి దాటిపోయిన మనిషి, తనను నమ్ముకొన్నవారి మీద చెయ్యి పడితే ఊరుకోలేదు. తన మీది అవమానాన్ని మింగడం తన ఇష్టం. పక్కవాడి మీద జరిగిన అన్యాయాన్ని అతని తరఫున మింగేసే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు. ఇది చదివినప్పుడు మాకు ఆ మలయాళీ అమ్మాయి గుర్తుకు వచ్చింది. మేము “పోనీలే” అనుకొన్నామే, ఆమె భుజానికి తగిలిన మోచేతిని గురించి ఆమెను ఒక్కమాటైనా అడిగామా? అడగలేదు.

* * *

ఇక మన కాలానికి దగ్గరి మనిషి. గార్డన్ విల్సన్ లీట్రిమ్ జిల్లా మేనర్‌హామిల్టన్‌లో 1927 లో పుట్టాడు. సరిహద్దు అవతల ఎనిస్కిలెన్ పట్టణంలో బట్టల కొట్టు నడిపేవాడు. మెథడిస్టు సంఘంవాడు. 1987 నవంబరు 8 వ తేదీ ఆదివారం, యుద్ధాలలో మరణించినవారి జ్ఞాపకదినానికి, కూతురు మేరీతో కలిసి స్మారకస్తంభం దగ్గరకు వెళ్ళాడు. ఐ.ఆర్.ఏ. వారు పెట్టిన బాంబు పేలి గోడ కూలింది. తండ్రీకూతుళ్ళు శిథిలాల కింద పడ్డారు. ఆ చీకట్లో ఆమె తండ్రి చేయి పట్టుకొన్నది. ఎలా ఉన్నావని ఆయన అడిగినప్పుడల్లా బాగానే ఉన్నానన్నది. నాన్నంటే తనకు ఎంతో ప్రేమ అని చెప్పి, తరువాత మాట్లాడలేదు. ఆస్పత్రిలో చనిపోయింది. ఆమెకు ఇరవై ఏళ్ళు. బెల్‌ఫాస్టు రాయల్ విక్టోరియా ఆస్పత్రిలో నర్సు శిక్షణలో ఉన్నది. ఆ రోజు పదకొండుమంది మరణించారు. స్పృహ తెలియకుండా పదమూడేళ్ళు బతికిన పన్నెండో వ్యక్తి 2000 లో కన్నుమూశాడు.

ఆ సాయంత్రమే ఆ తండ్రి బి.బి.సి. విలేకరితో, తనకు ఎవరి మీదా పగ లేదని, కక్ష లేదని, ఆ మనుషుల కోసం ఆ రాత్రీ ప్రతి రాత్రీ ప్రార్థిస్తానని చెప్పాడు. ప్రపంచమంతా విన్నది. ఆ క్రిస్మసుకు ఎలిజబెత్ రాణి తన ప్రసంగంలో ఆయన పేరు చెప్పింది. అందరూ “క్షమించాడు” అని వ్రాశారు. జాగ్రత్తగా వింటే ఆయన ద్వేషం లేదన్నాడే గాని, లెక్క చెల్లిపోయిందనలేదు.

చాలామంది కథను అక్కడే ఆపుతారు. అసలు కథ తరువాత ఉన్నది. ఆ మాటలకు మెచ్చినవారెందరో, కోపగించినవారూ ఉన్నారు. తమ బిడ్డలను పోగొట్టుకొన్నవారిలో కొందరికి ఆ మాటలు పుండు మీద కారంలా తగిలాయి. 1993 లో ప్రధాని ఆల్బర్ట్ రెనాల్డ్స్ ఆయనను ఐరిష్ సెనేటుకు నామినేటు చేస్తే, ఒప్పుకొన్నందుకు సొంత సమాజంలోనే నిష్ఠూరాలు పడ్డాడు. ఆ మార్చిలో ఇంగ్లండులోని వారింగ్టన్‌లో బాంబు పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. విల్సన్ ఊరుకోలేక, ఏప్రిల్‌లో స్వయంగా ఐ.ఆర్.ఏ. ప్రతినిధులను కలిసి, ఇక చంపడం ఆపమని బతిమాలాడు. వారు ఏమీ ఇవ్వలేదు. వట్టి చేతులతో తిరిగివచ్చి, తాను అమాయకుడినేమో అని ఆయన బహిరంగంగానే ఒప్పుకొన్నాడు. 1994 ఆగస్టు 31 న కాల్పుల విరమణ వచ్చింది. ఆ డిసెంబరులో కారు ప్రమాదంలో కొడుకు పోయాడు. 1995 జూన్‌లో ఆయనే పోయాడు. 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందాన్ని చూడలేదు. ఎనిస్కిలెన్ బాంబుకు ఎవరికీ శిక్ష పడలేదు.

ఆయన మంచితనం వల్లనే శాంతి వచ్చిందని మేము చెప్పడం లేదు. చరిత్ర అంత సులభంగా నడవదు. మంచితనానికి మంచి ఫలితం వచ్చి తీరుతుందని ఎవరైనా బోధిస్తే నమ్మకండి అని మాత్రం చెబుతున్నాము. మల్కు చెవి బాగుచేసినా సిలువ తప్పలేదు. విల్సన్ వెళ్ళి అడిగినా ఐ.ఆర్.ఏ. వారు వినలేదు. క్రైస్తవ విశ్వాసం ఇక్కడ వ్యాపారం మాట చెప్పదు. “ఇంత పెట్టుబడి పెట్టు, ఇంత వస్తుంది” అనదు. నీ చేతిలో ఉన్నది నీవు ఎలాంటి మనిషివో అన్నది ఒక్కటే, దాన్ని ఎదుటివాడి చేతికి ఇవ్వకు అంటుంది. ఆ కుర్రవాడు ఉమ్మివేసిన రాత్రి మేము పోగొట్టుకొన్నది మర్యాద కాదు. తొమ్మిది కుట్లు వేసే చేతిని పోగొట్టుకొన్నాము. దానిని అతను తీసుకొనిపోలేదు. మేమే అతని వెంట పంపాము.

* * *

మరి రెండో చెంప సంగతి? యువమిత్రుడా, నీ ప్రశ్నకు వస్తున్నాము.

ఆ మాట చెప్పిన యేసే విచారణ సమయంలో నిజంగా చెంపదెబ్బ తిన్నాడు. యోహాను సువార్తలో ఉన్నది. అప్పుడాయన తిరిగి కొట్టలేదు. నోరుమూసుకొని రెండో చెంపా చూపలేదు. తాను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చూపమని, లేకపోతే ఎందుకు కొట్టావని ఆ బంటును నిలబెట్టి అడిగాడు. పౌలు కూడా ఫిలిప్పీ పట్టణంలో తనను అన్యాయంగా కొట్టి చెరసాలలో వేసిన అధికారులు మరునాడు గుట్టుగా పొమ్మంటే, రోము పౌరుడినని చెప్పి, వారే స్వయంగా వచ్చి బయటికి పంపాలని పట్టుబట్టాడు. కనుక క్షమించడం వేరు, ఊరుకోవడం వేరు. పగ వదులుకోమన్నారు గాని, సాక్ష్యం వదులుకోమనలేదు.

ఇదంతా ఆలోచించుకొన్నాక మేము మూడు పనులు చేశాము. ఆ నర్సు అమ్మాయిని క్షమాపణ అడిగాము. ఆమె, “మీరైనా అడిగారు సార్” అని ఊరుకొన్నది. ఇద్దరం కలిసి ఆస్పత్రివారికీ గార్డా వారికీ జరిగింది జరిగినట్లు వ్రాసి ఇచ్చాము. జాతి ద్వేషంతో చేసిన నేరానికి శిక్ష హెచ్చించే చట్టం ఈ దేశంలో 2024 లో వచ్చి, ఆ సంవత్సరం డిసెంబరు 31 నుంచి అమలులో ఉన్నది. మన వాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. “ఫిర్యాదు చేస్తే వీసాకు ఏమైనా అవుతుందేమో” అని భయపడి దాచుకొనేవారికి చెబుతున్నాము, దాచుకోకండి. అది క్రైస్తవమూ కాదు, వివేకమూ కాదు. మూడవది, ఆ కుర్రవాడి కోసం ప్రార్థించడం మొదలుపెట్టాము. మొదట పళ్ళు బిగబట్టి. ఇప్పుడూ కొన్ని రోజులు అంతే.

కోపం మీద ఉన్నప్పుడు కనబడనివి కూడా తరువాత కనబడ్డాయి. టాలాలో ఆ మనిషి రక్తం కారుతూ నిలబడి ఉంటే కారు ఆపి సాయం చేసింది ఒక స్థానిక స్త్రీ. కొద్ది రోజులకే ఆ ఊరివారు వందలమంది అతనికి మద్దతుగా ఊరేగింపు తీశారు. 2023 నవంబరు 23 న డబ్లిన్ పార్నెల్ చౌక్‌లో చిన్నపిల్లల మీద కత్తితో పడ్డవాణ్ణి తన హెల్మెట్‌తో కొట్టి పడగొట్టినవాడు కాయో బెనీసియో అనే బ్రెజిల్ దేశస్థుడు, మోటారు సైకిలు మీద భోజనాలు అందించేవాడు. ఆ రాత్రే పరదేశీయులు పోవాలంటూ అల్లరిమూకలు అదే నగరంలో బస్సులు తగలబెట్టాయి. ఆ వారంలోనే ఇక్కడి సామాన్య జనం అతని కోసం మూడు లక్షల యూరోలకు పైగా చందాలు పోగుచేశారు. ఒకే నగరం, ఒకే వారం. ఏది ఐర్లండు? రెండూ.

మన వైపు బాకీ కూడా ఒకటి చెప్పాలి. మేము చదువుకొన్న గుంటూరుకు 1920 లో మేరీ గ్లౌరీ అనే డాక్టరమ్మ వచ్చింది. ఆస్ట్రేలియాలో పుట్టిన ఐరిష్ సంతతి మనిషి. మెల్‌బోర్న్‌లో కంటివైద్యం చేస్తూ, ఆ ప్రాక్టీసు వదులుకొని, సన్యాసినిగా గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిలో మన ఆడవాళ్ళకూ పసిపిల్లలకూ దశాబ్దాలపాటు వైద్యం చేసింది. 1957 లో బెంగుళూరులో కన్నుమూసింది. ఆమె వద్ద మందు పుచ్చుకొన్నవారు ఎంతమంది తిరిగివచ్చి దండం పెట్టి ఉంటారు? మన గుంటూరులోనైనా ఆమె పేరు ఎంతమందికి తెలుసు? తొమ్మిదిమందిలో మనమూ ఉన్నాము.

* * *

ఆ కుర్రవాడు మళ్ళీ కనబడ్డాడు. ఏడెనిమిది నెలల తరువాత ఒక సాయంత్రం, వాళ్ళ అమ్మకు ఆయాసం ఎక్కువై తీసుకొని వచ్చాడు. ఈసారి తాగి లేడు. మమ్మల్ని గుర్తు పట్టలేదో, గుర్తు పట్టి పట్టనట్లు ఊరుకొన్నాడో తెలియదు. మేమూ ఏమీ అనలేదు. ఆమె చేయి పట్టుకొని పేరు అడిగి, ఆక్సిజన్ పెట్టించి, మందులు వ్రాశాము. ఆమె “దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి డాక్టర్” అన్నది. అతను ఏమీ అనలేదు. కుర్చీలో కూర్చొని ఫోను చూసుకొంటున్నాడు.

దీపం వెలుతురు అతని ముఖం మీద పడుతున్నది. అలవాటు కొద్దీ చూశాము. కనుబొమ్మ వరస తప్పలేదు. మచ్చ సన్నగా ఉన్నది, తెలిసినవాడు వెతికితే గాని కనబడదు. బాగా మానింది.

ఆ ఆదివారం ప్రార్థనలో ఆ వాక్యం దగ్గర ఆగలేదని చెప్పడం లేదు. కొంచెం తడబడి, నలుగురితోపాటు దాటాము.

యువమిత్రుడా, నీకు ఇవ్వగలిగిన జవాబు ఇంతే. ఇది చాలకపోతే వచ్చే సమావేశంలో పులిహోర పళ్ళెంతో మళ్ళీ నిలదీయి. ఈసారి మజ్జిగ గ్లాసు వెనక దాక్కోము.